జబ్బును రద్దు చేసిన ఊరు

రౌన్‌విగ్ మునిసిపాలిటీలో జబ్బు అనేది ఆ సోమవారం నుంచి రద్దయింది. ఉపాధి సంఘం అధ్యక్షుడు ప్రేబెన్ ఉల్దాల్ గారు టౌన్‌హాలు మెట్ల మీద నిలబడి, గాలికి ఎగిరిపోబోతున్న కాగితాన్ని రెండు చేతులా పట్టుకొని ఆ సంగతి ప్రకటించారు.

"మన ఊళ్లో ఇకమీదట జబ్బుమనుషులు ఉండరు. ఇంకా బయటపడని సామర్థ్యం ఉన్నవాళ్లే ఉంటారు. ప్రతి చేతికీ పని. ఇది నా మాట."

చప్పట్లు కొట్టాం. వాన పడుతోంది కాబట్టి గొడుగులున్నవాళ్లు ఒక చేత్తో తొడ మీద కొట్టుకున్నారు. డాక్టర్లు ఏళ్ల తరబడి చదివి, మందులిచ్చి, కోసి, కుట్టి చెయ్యలేని పనిని ఆయన ఒక్క తీర్మానంతో చేసేశారు. ఆయనకు ఓటు వేసినందుకు ఆ రోజు నా ఛాతీ కాస్త పొంగింది.

మా డెన్మార్క్‌లో నిజానికి గారూ గీరూ ఉండవు. మేయరునైనా, చెత్తబండి నడిపేవాణ్నైనా పేరు పెట్టి నువ్వనే పిలుస్తాం. సమానత్వం మాకు ప్రాణం. అది ఆ నువ్వు దగ్గర మొదలై చాలావరకు అక్కడే ఆగిపోతుంది. అయినా రాసేటప్పుడు ఉల్దాల్ గారిని నేను గారు అనే అంటాను. ఆయన స్థాయి అలాంటిది. మనిషి సన్నగా, నిటారుగా ఉంటారు. మంచులో కూడా సైకిలు మీదే ఆఫీసుకు వస్తారు. ఆయనకు ఎప్పుడూ ఏ కీలూ నొప్పి పెట్టలేదని ఆయనే చాలా సభల్లో చెప్పారు.

ఆ రోజు నా గొడుగు కింద సోల్వై ఉంది. సోల్వై మా భవనంలో కింది అంతస్తులో ఉంటుంది. ఇరవై ఏళ్లకు పైగా హార్బరు వీధి బేకరీలో పిండి పిసికి, రై రొట్టెలు చేసి ఊరందరికీ పెట్టింది. నేను ఫెర్రీలో టిక్కెట్లు చించుతూ రిటైరయిన ఆస్గర్‌ని. నా ఒంట్లో ఉన్న ఎముకల్లో సగం ఆమె రొట్టెలే.

ఆ చేతులకే కీళ్లవాతం పట్టుకుంది. ముందు కణుపులు వాచాయి. తర్వాత మణికట్లు, ఆ తర్వాత మోకాళ్లు. పొద్దున్నే లేచేసరికి వేళ్లు కొక్కేల్లా ముడుచుకొని ఉంటాయి. వేడినీళ్లలో పెట్టి, మందు పడి, పది దాటితే గాని విచ్చుకోవు. బేకరీ యజమాని ఉంచగలిగినన్నాళ్లు ఉంచుకున్నాడు. ఆ తర్వాత పిండి కలిపే యంత్రం కొన్నాడు, కొన్న రోజు ఆమె ఇంటికొచ్చి ఏడ్చివెళ్లాడు.

సోల్వైకి కావలసింది పెద్ద కోరికేం కాదు. కూర్చొని చేసే పని, పది దాటాక, సగం రోజు. మా చట్టంలో దానికి మంచి ఏర్పాటే ఉంది. ఒంట్లో ఎంత ఓపిక ఉంటే అంత పని చేస్తే మిగతాదానికి మునిసిపాలిటీ ఆసరా ఇస్తుంది. కాకపోతే ఆ మనిషి సగమే చెయ్యగలదని ముందుగా ఉపాధి కేంద్రం ఒప్పుకోవాలి.

ప్రసంగం అవగానే సోల్వై కుంటుకుంటూ మెట్ల దగ్గరికి వెళ్లింది.

"ప్రేబెన్, నువ్వు చెప్పిన ఆ చేతులు నావే. సగం పని ఇప్పించు, చాలు."

ఉల్దాల్ గారు ఆమె కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకొని గట్టిగా ఊపారు. సోల్వై పళ్లు బిగించింది. పేపరు ఫొటోగ్రాఫరు ఆ క్షణాన్నే పట్టుకున్నాడు.

"ఏం పట్టు, ఏం పట్టు," అన్నారు ఉల్దాల్ గారు జనం వైపు తిరిగి. "ఈ చేతులకు సగం పనా? మీరే చెప్పండి."

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. నొప్పికి బిగిసిన ఆ పళ్లు అచ్చులో చక్కటి నవ్వులా కనిపించాయి.

ఉపాధి కేంద్రానికి ఎవరైనా తోడుమనిషిని వెంటబెట్టుకొని వెళ్లొచ్చు. సోల్వై నన్ను తీసుకెళ్లింది. ఆమె కేసు చూసే అధికారి సిస్సెల్. కళ్లలో దయ ఉన్న పిల్ల. బల్ల మీద కొవ్వొత్తి వెలిగించి, కాఫీ పోసి, ఏది కాదన్నా నవ్వుతూనే కాదంటుంది.

"ముందుగా ఒక చిన్న మాట, సోల్వై," అంది. "ఇక్కడ మనం నొప్పి అనే మాట వాడం."

"మరేం అంటాం?"

"శరీరం ఇచ్చే ఫీడ్‌బ్యాక్ అంటాం."

"సరే. పొద్దున్నే నా వేళ్లు ఎంత ఫీడ్‌బ్యాక్ ఇస్తాయంటే, జుట్టు దువ్వుకోడానికి కూడా ఆస్గర్ భార్యని పిలవాలి."

సిస్సెల్ తలూపింది. "చూశావా, నువ్వు చెయ్యలేనిదాని మీదే ఫోకస్ పెడుతున్నావు. ఏం చెయ్యగలవో చెప్పు."

"సగం రోజు చెయ్యగలను. కూర్చొని."

"సగం అంటే మిగతా సగం చెయ్యలేననేగా? మళ్లీ అక్కడికే వచ్చావు."

సోల్వై నా వైపు చూసింది. "ఏం ఆస్గర్, మాట్లాడవేం? నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా?"

డాక్టరు ఇచ్చిన రిపోర్టు ఉందిగా అన్నాను. సిస్సెల్ దాన్ని గౌరవంగా పక్కన పెట్టింది.

"డాక్టరు చూసింది ఈమె శరీరాన్నే. పొటెన్షియల్‌ని చూడలేదు. పైగా," అంటూ ఆమె గోడ వైపు చూపించింది. అక్కడ పేపర్లో వచ్చిన ఫొటో అంటించి ఉంది. "సాక్షాత్తూ అధ్యక్షుడే ఈ చేతిపట్టు చూశాడు. ఊరంతా చూసింది."

అంతటి పెద్దమనిషి స్వయంగా పరీక్షించిన చెయ్యి అది. నేను దాని గురించి ఇంకేం అనగలను? సగమే చెయ్యగలదో లేదో తేలాలంటే ముందు పని చేయించి చూడాలన్నారు. జీతం ఉండదు, ఎందుకంటే అది పని కాదు, పనికి పరీక్ష. సోల్వైని ఊరి చివర పూలమొక్కల తోటకు పంపారు.

తోట యజమాని వెర్నర్ ముక్కుసూటి మనిషి. మొదటిరోజు ఆమె చేతులు చూసి టోపీ తీసి తల గోక్కున్నాడు.

"ఇదిగో సోల్వై, ఈ చేతులతో కుండీలు మొయ్యమని నిన్నెవరే పంపింది?"

"మునిసిపాలిటీ."

"ఆళ్లకి కళ్లు లేవా?"

"ఉన్నాయి. పాజిటివ్‌గా చూస్తాయి."

వెర్నర్ ఆమెకు పీట వేశాడు, మోకాళ్ల మీద కప్పుకోడానికి తన ఉన్ని కోటు ఇచ్చాడు. విత్తనాల పొట్లాల మీద పేర్లు అంటించే పని పెట్టాడు. గాజుగదిలో తేమ, బయట సముద్రపుగాలి. సోల్వై వేళ్లకు ఆ వాతావరణం బాగా నచ్చినట్టుంది, ఫీడ్‌బ్యాక్ పెరిగింది. సాయంత్రాలు ఆమెను బస్సు నుంచి దించడానికి నేనూ నా భార్యా చెరో భుజం పట్టేవాళ్లం. అయినా ఆమె ఒక్కరోజూ మానలేదు. మానితే సహకరించలేదంటారు, సహకరించకపోతే అసలు ఆసరాయే పోతుంది.

ఆమె కష్టం చూసి వెర్నర్ జాలిపడ్డాడు. సిస్సెల్ ఫోన్ చేసి అడిగినప్పుడు మంచిమాట సాయం చేద్దామనుకున్నాడు. "బంగారంలాంటి మనిషి. చేసింది కొంచెమే అయినా శుభ్రంగా చేసింది. ఏనాడూ నోరెత్తి బాధ చెప్పుకోలేదు," అన్నాడు.

తర్వాతి సమావేశంలో సిస్సెల్ మొహం వెలిగిపోతోంది.

"శుభ్రంగా చేశావట. బాధ లేదట. ఇక రోజంతా చేయిస్తే ఎలా ఉంటుందో చూద్దాం."

సంగతి తెలిసి వెర్నర్ ఉపాధి కేంద్రానికి పరుగెత్తుకొచ్చి, తన మాటలు తిరగరాయమని బతిమాలాడు. ఉద్యోగిని ఎదగనివ్వని యజమానులు కూడా ఉంటారని సిస్సెల్ ఆయనకు మృదువుగా చెప్పి పంపింది.

చలి ముదిరిన వారంలో సోల్వై కుడి మణికట్టు పోయింది. పెద్దగా ఏం జరగలేదు. లేబుళ్ల చుట్ట ఒకటి జారిపోతుంటే పట్టుకోబోయింది, అంతే. లోపల ఏదో తెగిన చప్పుడు తనకు కూడా వినిపించిందని వెర్నర్ తర్వాత నాతో చెప్పాడు. ఆస్పత్రిలో కోసి, ఎముకల మధ్య ఉక్కురేకు పెట్టి బిగించారు. ఇక ఆ మణికట్టు వంగదు. వంగదు కాబట్టి అంత నొప్పీ పెట్టదని డాక్టరు ఓదార్చాడు. సోల్వై ఆ రాత్రి మాత్రం, రొట్టెపిండి మడత పెట్టాలంటే మణికట్టు తిరగాలి ఆస్గర్ అని ఒక్క మాట అని గోడ వైపు తిరిగి పడుకుంది. ఇక ఎప్పటికైనా వంటింట్లోనైనా ఒక రొట్టె చేసుకుందామనే ఆశ ఆమెకు అప్పటిదాకా ఉందని నాకు తెలియదు.

ఈ వార్త ఉల్దాల్ గారిని కదిలించింది. ఇంకొకరైతే పూలు పంపి ఊరుకునేవారు. ఆయన స్వయంగా ఆమె ఇంటికి వచ్చారు, సిస్సెల్‌తో, ఫొటోగ్రాఫరుతో సహా. సైకిలు హెల్మెట్ చంకలో పెట్టుకొని మంచం పక్కన కూర్చున్నారు.

"సోల్వై, నిన్ను చూస్తుంటే నాకో ఆలోచన వస్తోంది. మనిషి జీవితంలో మూడోవంతు గడిపేది ఎక్కడ? మంచం మీద. అలాంటి చోటును ఉపాధిరంగం ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. మంచం కూడా పనిచోటే."

"నిద్రలో ఒత్తిగిల్లితే అది ఓవర్‌టైమా?" అంది సోల్వై.

ఉల్దాల్ గారు హాయిగా నవ్వారు. సిస్సెల్ నవ్వకుండా రాసుకుంది.

అలా మా దేశంలో మరే ఊరికీ తట్టని పథకం మా కింది అంతస్తులో మొదలైంది. 'ప్రతి చేతికీ పని' అని అచ్చేసిన కరపత్రాలు కట్టలుగా వచ్చాయి. మంచంలో పడుకొని ఎడమచేత్తో వాటిని సగానికి మడవాలి. పథకం వల్ల బాగుపడ్డ మనిషి చేతనే పథకం కరపత్రాలు మడిపించడంలో ఒక అందం ఉంది. ఆమె మడవలేక వదిలేసినవి నేనూ నా భార్యా రాత్రి భోజనాల దగ్గర మడిచేవాళ్లం. నెల తిరిగేసరికి మడతల్లో చెప్పుకోదగ్గ వృద్ధి కనిపించిందని సిస్సెల్ అభినందించింది.

సోల్వైకి కోపం వచ్చింది. ఉల్దాల్ గారితోనే నేరుగా మాట్లాడతానని టౌన్‌హాలుకు ఫోన్ చేసింది. ఎవరూ తియ్యలేదు. మర్నాడు చేసింది, ఆ మర్నాడూ చేసింది. మోగుతుంది, మోగుతుంది, తెగిపోతుంది. చివరికి నన్ను పంపింది. నేను వెళ్లి చూస్తే ముందు హాల్లో ఫోన్ల బల్ల దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. అక్కడ పనిచేసే ఆవిడ రిటైరైపోయిందట. మనిషి కావాలని గోడ మీద ప్రకటన పెట్టారు. కూర్చొని చేసే పని, సగం రోజు అయినా ఫరవాలేదు, చెవికి తగిలించుకునే ఫోను.

ఇంటికొచ్చి చెప్పాను.  సోల్వై నా భార్యను పిలిచి, నీలంరంగు జాకెట్టు ఇస్త్రీ చెయ్యగలవా అని అడిగింది.

ఇంటర్వ్యూకి నేనే తీసుకెళ్లాను. టౌన్‌హాలు తలుపు బరువు, ఆమె తొయ్యలేదు. మేడ మీద గదిలో మునిసిపాలిటీ తరఫున ఉల్దాల్ గారే కూర్చున్నారు. నన్ను కూడా మూల కుర్చీలో కూర్చోమన్నారు. అంతటి మర్యాద ఆయనది.

సోల్వై అంత బాగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ఈ ఊళ్లో నాకు తెలియని గొంతు లేదు, ప్రేబెన్. పొద్దున్నే రొట్టెల కోసం వచ్చే జనంతో పాతికేళ్లు మాట్లాడాను. ఎవరికి ఏ ఆఫీసు కావాలో సగం మాటలోనే పట్టేస్తాను. పది దాటాక మీట నొక్కడానికి నా ఎడమచెయ్యి చాలు. ఫోను మోగితే తీస్తాను."

ఉల్దాల్ గారు ఆమె చేతులను చాలాసేపు చూశారు. మొహంలో నిజంగానే విచారం కనిపించింది.

"సోల్వై, నీ దగ్గర దాపరికం ఎందుకు? ఆ వేళ్లు చూడు. ఆ మణికట్టులో ఉక్కు ఉంది. మోకాళ్లు చూస్తే ఈ మెట్లెక్కడానికే సగం పూట పట్టింది. రేపు ఇక్కడ నీకేదన్నా అయితే బాధ్యత ఎవరిది? యజమానిగా నాకూ మనస్సాక్షి ఉంటుంది. నువ్వు పనికి సరిపోవు."

"సగం రోజుకి కూడానా?"

"ఒక్క గంటకి కూడా."

సోల్వై ముందుకు వంగింది. "ఈ మాటే ఉపాధి కేంద్రానికి వచ్చి సిస్సెల్‌తో చెప్తావా?"

"ఎలా చెప్తాను? అక్కడ నేను అధ్యక్షుణ్ని. అక్కడ నా అభిప్రాయం వేరు."

"మరి వీటిలో నీ అభిప్రాయం ఏది?"

"రెండూ నావే. మనిషన్నాక మనసు విశాలంగా ఉండాలి, సోల్వై."

అంత విశాలమైన మనసును అంత దగ్గర నుంచి చూడటం నాకదే మొదలు.

రెండు వారాలకు సోల్వై కేసు తేల్చే పెద్ద సమావేశం జరిగింది. పొడుగు బల్ల, చుట్టూ డాక్టర్లు, అధికారులు, మధ్యలో సిస్సెల్. తోటలో శుభ్రంగా పనిచేసింది, మంచంలో వృద్ధి చూపించింది, పైగా ఉద్యోగానికి దరఖాస్తు చేసేంత హుషారుగా ఉంది, కాబట్టి పూర్తి సామర్థ్యం ఉన్నట్టేనని సిస్సెల్ మొదలుపెట్టింది. తోడుమనిషి ఏమైనా చెప్పదలుచుకున్నాడా అని మర్యాదకు అడిగారు. నేను లేచి నిలబడ్డాను.

"నాదేం లేదు. ఈమె ఒక్క గంట పనికి కూడా సరిపోదని ప్రేబెన్ ఉల్దాల్ అన్నాడు. నేను విన్నాను."

 ఎవరో బయటికి వెళ్లి ఉల్దాల్ గారిని అడిగి వచ్చారు. ఆయన మాట తప్పే మనిషి కాదు. అన్నానన్నారు. అన్న మాట వెనక్కి తీసుకోనన్నారు. అధ్యక్షుడి మాటకు ఎదురు చెప్పే అధికారం ఆ బల్ల చుట్టూ ఎవరికీ లేదు. కాఫీ చల్లారేలోగా నిర్ణయం వచ్చేసింది. సోల్వైకి ఏ పనికీ ఏ మాత్రం సామర్థ్యం లేదు. పూర్తి పింఛను.

"నేను సగం అడిగాను," అంది సోల్వై.

"పూర్తిగానే ఇచ్చాం కదా," అంది సిస్సెల్. ఆ పిల్ల నిజంగానే సంతోషపడింది, లేచి వచ్చి ఆమెను కౌగిలించుకుంది కూడా.

"నాకు పని కావాలి, సిస్సెల్."

"పని చెయ్యలేవని ఇప్పుడే తేలిందిగా."

"కాసేపటి క్రితం పూర్తిగా చెయ్యగలనన్నావు."

"అప్పటికి అదీ నిజమే."

బయటికొచ్చాక సోల్వై బస్‌స్టాపులో కూర్చుంది. మా బస్సు వచ్చి వెళ్లిపోయింది, మేం ఎక్కలేదు. నా భార్య బేకరీలో కొని ఇచ్చి పంపిన దాల్చినచెక్క రొట్టెను సంచిలోంచి తీసి సగం తుంచి ఆమె ఎడమచేతిలో పెట్టాను.

"నా చేతులు సగం పాడయ్యాయని వీళ్లచేత ఒప్పిద్దామని వచ్చాను ఆస్గర్," అంది. "మనిషినే మొత్తం కొట్టేశారు."

నిద్రపట్టేంత ఆసరా దొరికింది కదా అన్నాను. దొరికింది అని ఒప్పుకుంది. రొట్టెను కొంచెం కొరికి, ఇది యంత్రం కలిపిన పిండి అని చెప్పి, అయినా తినేసింది.

జబ్బు రద్దయి ఏడాదైన సందర్భంగా టౌన్‌హాలు ముందు హాల్లో వేడుక చేశారు. కుండీల్లో పూలు వెర్నర్ తోట నుంచి వచ్చాయి, వెర్నర్ కూడా వచ్చాడు. కేకు పెట్టారు. ఉల్దాల్ గారు సన్నటి గ్లాసు పట్టుకొని నిలబడ్డారు.

"మిత్రులారా, ఉపాధి కేంద్రంలో అనారోగ్యం పేరుతో ఈరోజు ఒక్క కేసు కూడా లేదు."

అది నిజమే. కొందరికి పింఛన్లు వచ్చాయి, కొందరు పక్క మునిసిపాలిటీకి ఇల్లు మారారు, ఒకాయన శీతాకాలంలో పోయాడు. ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చోబెట్టిన సోల్వైని ఉల్దాల్ గారు అందరికీ చూపించి, ఈమె మన దగ్గర నుంచి ముందుకు సాగిపోయింది అన్నారు.

"అయితే విజయంతోపాటు కొత్త సమస్యలూ వస్తాయి," అన్నారు గొంతు తగ్గించి. "మన ఊళ్లో పనులున్నాయి, మనుషులు లేరు. ఈ ముందు హాల్లో ఫోన్ల దగ్గర కూర్చోడానికి ఇంతవరకు ఒక్క తగిన మనిషి దొరకలేదు. అందుకని వచ్చే నెల నేనూ మరికొందరు సభ్యులూ పోర్చుగల్ వెళ్తున్నాం. అక్కడ రెండు వారాలుండి మనుషుల్ని వెతుకుతాం."

పోర్చుగల్‌లో వచ్చే నెల ఎండ బాగుంటుందని నా పక్కన వెర్నర్ గొణిగాడు.

ఉల్దాల్ గారికి ఇంతలో ఏదో తోచింది. సోల్వై కుర్చీ దగ్గరికి వచ్చి ఒంగారు.

"అంతవరకూ నువ్వొచ్చి కాసేపు కూర్చోకూడదూ? పింఛను వాళ్లు స్వచ్ఛందంగా సేవ చెయ్యొచ్చు. జీతం తలనొప్పి ఉండదు."

సోల్వై ఒళ్లో ఉన్న చేతుల వైపు చూసుకుంది. ఆమెకు ఎంత ఆశగా ఉందో నాకు తెలుసు, నీలం జాకెట్టు వేసుకొని వచ్చింది మరి.

"నాకూ కూర్చోవాలనే ఉంది ప్రేబెన్," అంది మెల్లగా. "కానీ ఒక్క గంటకి కూడా సరిపోనని మునిసిపాలిటీ తేల్చింది. మునిసిపాలిటీని కాదనేంత దాన్నా నేను?"

ఉల్దాల్ గారు నిటారుగా లేచి నిలబడ్డారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"విన్నారా? మన నిర్ణయాల మీద ప్రజలకున్న గౌరవం ఇది."

అప్పుడే ఆయన వెనక బల్ల మీద ఫోను మోగింది. ఉల్దాల్ గారు సిస్సెల్ వైపు చూశారు. సిస్సెల్ నా వైపు చూసింది. నేను వెర్నర్ వైపు చూశాను. వెర్నర్ కేకు తింటున్నాడు. సోల్వై ఎడమచెయ్యి ఒళ్లోంచి ఒక్కసారి లేచి, మళ్లీ కిందికి దిగింది.

ఫోను ఆగలేదు. ఉల్దాల్ గారు గొంతు పెంచారు.